కొలవని ఏడో ముక్క

2024 నవంబరు 14, గురువారం, కార్తీక పున్నమికి ముందురోజు. సాయంత్రం ఆరూ పది. చోడవరంలో దేముడమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చేసరికి పెద్దకొడుకు ధర్మతేజ ఇంకా లాప్‌టాప్ ముందే ఉన్నాడు.

సముద్రం అడుగున గ్యాసు తెచ్చే పైపుల్ని తుప్పు ఎక్కడెంత తినేసిందో అంచనా కట్టి, ఏ ముక్కని ముందు పరీక్షించాలో రాసివ్వడం అతని ఉద్యోగం. ఆ పైపులు పైకొచ్చేచోట, నీళ్ల మధ్య నిలబెట్టిన ఇనప కట్టడం మీదే చిన్నకొడుకు బాలు పనిచేస్తున్నాడు. వీళ్ల తండ్రి రమణమూర్తి బతికున్నన్నాళ్లూ నీళ్లలోకి దిగి ఆ పైపుల మందం కొలిచినవాడే. నిరుడు పోయేడు.

"అయిపోయిందేటిరా?" అంది దేముడమ్మ.

"ఏడో ముక్కొకటి తేలటం నేదమ్మా. బాలూ వాళ్ల కిందదే. కెరటాలెక్కువని ఎవలూ దిగి కొలవనేదు. ఆరోది బాగుంది గదాని దాని అంకే దీనికీ ఏసేసేను. ఐదేళ్ల దాకా సూడక్కర్నేదని రాసేస్తన్నాను."

"పక్కింటి గుంటడికి జొరం నేదని మనింటి గుంటడి ఒళ్లు ముట్టుకోకుండా ఒగ్గేస్తావేటిరా?"

"నాన్న పోయినా ఇంట్లో ఇన్‌స్పెక్టరు తప్పనేదు నాకు!" నవ్వేడతను.

అప్పుడే కరెంటు పోయింది.

వాన లేదు. గాలి లేదు. అయినా పెరట్లోంచి వాసన... ఉప్పూ, నాచూ, తడి ఇనుమూ కలిసిన వాసన. ఎక్కడో ఉన్న సముద్రం నడిచొచ్చి గుమ్మంలో కూర్చున్నట్టు. ఆ వాసన ఇద్దరికీ తెలుసు. రమణమూర్తి డ్యూటీ దిగి వస్తే, మూడు స్నానాలకి గాని ఒంటిని వదిలేది కాదు.

గోడ వెంట ఉన్న నీళ్ల పైపు మీద చప్పుడయింది.

టక్...

వేలి కణుపుతో కొట్టినట్టు. ఆగింది. చెవి ఆనించి వింటున్నట్టు. మళ్లీ జానెడు ఇవతల... టక్. ఇంకో జానెడు ఇవతల... టక్.

దేముడమ్మ మనసులో లెక్కపెట్టింది. నాలుగు... ఐదు... ఆరు.

ఏడో చప్పుడు పైపు మీద పడలేదు.

"అమ్మా..." అన్నాడు ధర్మతేజ. "నా నుదుటి మీద... ఎవలో..."

లాప్‌టాప్ వెలుగులో చూసింది. నుదురు తడిగా ఉంది. ఒక్క చుక్క ముక్కు మీదుగా జారింది.

"ఆ అంకె తీసీరా బాబూ," అంది గుసగుసగా. "తీసీ."

ఆ అంకె చెరిపేసేడు. 'కొలవలేదు, ముందు దీన్నే చూడాలి' అని రాసి పంపించేసేడు. కరెంటు వచ్చింది. వాసన పోయింది. దేముడమ్మ కళ్లొత్తుకుని దణ్ణం పెట్టుకుంది. పోయినా పిల్లల్ని కాసుకుంటున్నాడనుకుంది.

తెల్లారి ఆరింటికి బాలు ఫోన్ చేసేడు.

"అమ్మా, అన్నియ్య అంత బేగి మనిషిని పంపించేసేడేటి? నిన్న దీపాలేళకే నీళ్లలోకి దిగేసేరట."

"ఎవల్రా?"

"తెల్దు. పడవేదీ రానేదు. మొహం ఎవలూ సూడనేదు. దిగేవోళ్ల పుస్తకంలో మాత్రం రాసుంది, ఏడో ముక్క కాడికని. పైకొచ్చినట్టు నేదు. ఈవేళ ఆయనకి తోడు దిగేవోడని కింద నా పేరుంది."

"నీకు నీళ్లలో పనే రాదు గదరా నాయినా..."

"అదేనమ్మా. నేను రాయనేదు. సిరా ఇంకా ఆరనేదు."

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. బాలుని ఇంటికి తెచ్చుకోవాలని తల్లీ కొడుకూ తలుపుకి తాళం పెట్టి విశాఖ బస్సెక్కేరు. దేముడమ్మ ఫోను చెవి దగ్గర్నించి తియ్యలేదు. ఏటి తిన్నావు, ఎలా పడుకున్నావు అంటూ వాడిచేత మాట్లాడిస్తూనే ఉంది. అనకాపల్లి దాటేక ఒక్కసారి వాడి మాట ఆగింది.

అవతల... నీళ్లలోంచి బుడగలు లేస్తున్న చప్పుడు.