ప్రతి జూలైలో వీడ్కోలు

"ఇది గ్రేవీయా, వాననీళ్ళా?" అంది గ్వెండా గిన్నెలో గరిటె తిప్పుతూ.

"చిక్కగా చేస్తే జిగురంటావు, పల్చగా చేస్తే నీళ్ళంటావు. నువ్వే చేసుకోవలసిందమ్మా," అంది నెరిస్.

"నీ ధ్యాస పొయ్యి మీద ఉంటేగా. వీధి తలుపు మీద ఉంది."

నిజమే. ఆదివారం భోజనానికి ఐవన్ వస్తున్నాడు. ఊరు విడిచిపోయేముందు చివరిసారి.

ఆ ఊరి కాలేజీలో అతను వడ్రంగం నేర్పుతాడు, నెరిస్ లైబ్రరీ చూస్తుంది. ఐదేళ్ళుగా సెప్టెంబరులో కాంట్రాక్టు, జూలైలో ముగింపు. ప్రతి జూలైలోనూ పుస్తకాలు తిరిగిచ్చి, ఆమె బల్ల ముందు కాసేపు ఊరికే నిలబడేవాడు. "మళ్ళీ పిలిస్తే వస్తా," అనేవాడు. ఆగస్టంతా ఆమెకు కాలేజీ గేటు చూడటమే పని.

ఈసారి ఇక పిలవబోమని కాలేజీవాళ్ళు చెప్పేశారు. దూరాన అబర్డీన్‌లో ఉన్న అన్న దగ్గర పని చూసుకున్నాడు.

ఐవన్ వానలో తడిసి వచ్చాడు. తువ్వాలు అందిస్తూ నెరిస్ అడిగింది, "ఊరికే వెళ్ళిపోతావా? పోట్లాడవా?"

"ఏ హక్కుతో? వేసవి సెలవులు రాగానే నా సర్వీసు తెగిపోతుంది. ప్రతి సెప్టెంబరుకీ కొత్తవాణ్ణే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా."

"మన యూనియన్ వ్యవహారాలు చూసే మెగన్‌ని అడిగాను. సెలవుల్లో క్లాసుల్లేక ఆగావు, అంతే. దాంతో సర్వీసు తెగిందనడానికి లేదట. నాలుగేళ్ళు దాటాయి కాబట్టి పర్మనెంటు కిందే లెక్కని వాదించవచ్చు. కాంట్రాక్టు పొడిగించకపోవడమూ తీసెయ్యడమేనట, సరైన కారణం చూపాలి. గెలుస్తావని మాత్రం ఆమె మాటివ్వలేదు."

"నాకోసం అడిగావా?"

"కాలేజీ కోసం అడుగుతానా?"

ఐవన్ తల తుడుచుకోవడం ఆపాడు. "ఏటా నీకో మాట చెప్పాలనుకుని చెప్పకుండానే వెళ్ళాను నెరిస్. జూలై దాకానే జీతమున్నవాడికి ఆ మాట అనే అర్హత లేదని..."

"అదీ నువ్వే అనుకున్నావా?"

అతను నవ్వలేదు. ఆ మాట చెప్పాడు. వాన చప్పుడులో అది ఆమెకొక్కదానికే వినబడింది.

బల్ల దగ్గర గ్వెండా మాంసం కోసి వడ్డించింది. "రైలు ఎన్నింటికి బాబూ?"

"వెళ్ళడం లేదండీ. రేపు మెగన్‌ని కలిసి కాలేజీ మీద కేసు వేస్తున్నా. గెలిచినా ఓడినా ఇక్కడే ఉంటా. మీ అమ్మాయి ఒప్పుకుంది."

"దేనికి ఒప్పుకున్నావే?"

"అడిగినదానికి," అంది నెరిస్ పళ్ళెంలోకి చూస్తూ.

గ్వెండా గరిటె అందుకుంది. మరో రెండు బంగాళాదుంపలు ఐవన్ పళ్ళెంలో వేసింది.

"తిను నాయనా. కాలేజీతో తగువంటే ఓపిక కావాలి. దీనితో కాపురమంటే ఇంకా కావాలి."