సింథసైజరులో బొద్దింకలు

“నన్ను దొంగని చేశారండీ!”

డిటెక్టివు ఆఫీసులోకి వచ్చిన కీబోర్డుల మేష్టారు కుర్చీ చూపించినా కూర్చోలేదు. పాత ఎలక్ట్రానిక్ కీబోర్డులు, సింథసైజర్లు బాగుచేయడం ముప్ఫై ఏళ్లుగా ఆయన వృత్తి. పన్నెండు రోజుల క్రితం ఒక స్కూలు టీచరు తన తండ్రి సింథసైజరును ఆయన కొట్టుకు తెచ్చింది. తండ్రి ఒకప్పుడు సంగీత దర్శకుడు. పక్షవాతంతో మంచం పట్టాడు, మాట పడిపోయింది. చూపూ వినికిడీ మిగిలాయి. మూగబోయిన ఆ వాద్యం మళ్లీ మోగితే ఆయన వింటాడని కూతురి ఆశ.

“మూత తీస్తే ఏముంది, స్వరాలు పుట్టించే ఎనిమిది చిప్పులూ మాయం. అలాంటివి ఇప్పుడెక్కడా తయారు కావు, బంగారమే. ఫోన్ చేసి చెబితే టీచరమ్మగారి భర్త నేనే కాజేశానన్నాడు. ఊరంతా టముకు వేశాడు. ముగ్గురు తమ వాద్యాలు వెనక్కి పట్టుకుపోయారు. ఇక కొట్టు మూసుకోవడమే.”

డిటెక్టివు వెంటనే లేచాడు. సహాయకురాలైన టైపిస్టు నోటు పుస్తకం అందుకుంది.

కొట్టులో సింథసైజరు మూత ఎత్తగానే ముక్కిన కంపు గుప్పుమంది. టైపిస్టు ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టుకుంది. చిప్పులు ఉండాల్సిన ఖాళీ గాడుల్లో చిక్కుడు గింజల్లాంటి బొద్దింక గుడ్ల సంచులు అతుక్కుని ఉన్నాయి.

“ఛీ! శుభ్రం చెయ్యలేదేం మేష్టారూ?”

“దొంగన్నాక చెయ్యి పెడతానా అమ్మా? ఎలా వచ్చిందో అలాగే ఉంచా.”

“మంచి పని చేశారు,” అన్నాడు డిటెక్టివు. భూతద్దం పెట్టి ఒక్కొక్క సంచీనే చూశాడు. అన్నీ చీలి, లోపల డొల్లగా ఉన్నాయి.

టీచరు ఇంట్లో ఆమె భర్త ఎదురొచ్చాడు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడట.

“మా మామగారంటే నాకు ప్రాణమండీ. పగలంతా ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది నేనే. ఆ పెట్టె తలాతోకా నాకు తెలీదు. మూత కూడా ఎప్పుడూ తియ్యలేదు.”

లోపలి గదిలో మంచం మీద ఉన్న ముసలాయన ఎడమ తుంటి మీద మానుతున్న పుండు ఉంది. దాని కింద ఎవరో మెత్తటి పాత చీరను నాలుగు మడతలు పెట్టారు. అది కూతురి పనే అయ్యుంటుంది.

“ఈ పుండు ఎలా పడిందమ్మా?” అని డిటెక్టివు టీచరును అడిగాడు.

“రోజూ ఆ వాద్యం కనిపించేలా కుడివైపు తిప్పి పడుకోబెట్టి బడికి వెళ్తానండీ. రెండు నెలల కిందట వరసగా ఎనిమిది బడి రోజులు, సాయంత్రం వచ్చేసరికి గోడవైపు తిరిగి ఉన్నారు. పుండు పడ్డాక రోజులు లెక్కేసి రాసి పెట్టుకున్నా. అడిగితే, ఒకే పక్కనుంటే నొప్పిపుడుతుందని తిప్పానన్నారు ఈయన.”

“ఎంత మంచి అల్లుడు!” అంది టైపిస్టు బయటికి వచ్చాక. డిటెక్టివు పంపు దగ్గర రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు సాయంత్రం అందరినీ ముసలాయన గదిలోనే కూర్చోబెట్టాడు.

“బొద్దింక గుడ్లు చీలి పిల్లలు రావడానికి నెల దాటుతుంది. ఈ గాడుల్లో పిల్లలు వెళ్లిపోయి, డొల్లలు మిగిలాయి. చిప్పు ఉన్న చోట గుడ్డు అతకదు. వాద్యం మేష్టారి దగ్గరికి వెళ్లి పన్నెండు రోజులే. అంటే చిప్పులు పోయింది ఈ ఇంట్లోనే.”

“అయితే నేనే తీశానంటారా? మా ఆవిడ తియ్యకూడదా?” అన్నాడు అల్లుడు.

“సిగ్గు లేదూ!” అంది భార్య.

“ఆవిడ తీసి ఉంటే బాగుచేయించడానికి పట్టుకెళ్లదు. ఎనిమిది చిప్పులు, ఎనిమిది రోజులు. ఒకటి పీకి అమ్మడం, ధర గిట్టగానే మర్నాడు ఇంకొకటి. ఆ ఎనిమిది రోజులూ ఈయన్ని గోడవైపు తిప్పావు. నొప్పి తగ్గించడానికయితే కాసేపటికి మళ్లీ ఇటు తిప్పేవాడివి. పుండు పడేదాకా వదిలేశావు. మాట రాని మనిషి ఎవరికీ చెప్పలేడని నీకు తెలుసు. అయినా ఆ చూపు నీ చేతుల మీద పడటం భరించలేకపోయావు.”

మంచం మీద ముసలాయన కళ్లు నెమ్మదిగా మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకుని అల్లుడి మీదే నిలిచాయి.

అల్లుడు తల దించుకున్నాడు. “అమ్మేశాను. ఎలాగూ వాయించలేడు కదా అని...”

టైపిస్టు పెన్సిలు పక్కన పెట్టేసింది. ఆ మాట రాయబుద్ధి కాలేదు.

టీచరు మేష్టారి వైపు తిరిగింది. “ఆ ముగ్గురి నంబర్లూ ఇవ్వండి.”

“వద్దే, పరువు పోతుంది,” అన్నాడు భర్త.

ఆమె మొదటి నంబరు కలిపి స్పీకరు నొక్కి, అవతల ఎత్తగానే గొంతు పెంచి చెప్పింది:

“దొంగ మా ఇంట్లోనే ఉన్నాడండీ. మా ఆయనే. మీ వాద్యం మేష్టారికే ఇవ్వండి.”

“రేపు పొద్దున్నే తెస్తామని చెప్పమ్మా,” అన్నారు అవతలి నుంచి.

మేష్టారు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె రెండో నంబరు కలిపింది.