గ్లాసు అడుగున సింధూరం

1991 వేసవి. జూబ్లీ హిల్స్‌లోని డిటెక్టివ్ పరాంకుశం ఆఫీసుకి ప్రేమకుమారి పరుగున వచ్చింది. సినిమాలకు ట్రాక్ పాడుతుందామె. అసలు గాయని వచ్చేదాకా పాటకు దారి చూపించే గొంతన్నమాట.

"నేనిచ్చిన పాలల్లో సింధూరం కలిపి లండన్ గాయని గొంతు పోగొట్టానంటున్నారండీ. ఈ నింద నిలిస్తే నన్నిక ఏ స్టూడియో గడపా తొక్కనివ్వరు."

అసిస్టెంటు మరియదాసు రాసుకుంటున్న పెన్ను ఆపేశాడు. సింధూరం తింటే గొంతు పోతుందని తెలుగునాట ఎవరికి తెలియదు?

ఆ గాయని గ్లోరియా డీన్ ఎప్పుడో లండన్‌లో ఒకే ఒక్క పాటతో పేరు తెచ్చుకుంది. తరవాత ఆమె ముఖం చూసినవాళ్లు లేరు. ఆమెను ఇక్కడికి పట్టుకొచ్చి, పాడిస్తానని నిర్మాత అచ్యుతరామయ్యకు మాటిచ్చినవాడు ఏజెంటు బసవపున్నయ్య.

ఫిల్మ్ నగర్ రికార్డింగ్ థియేటర్లో ఏసీ చలి ఎముకలు కొరుకుతోంది. మెడకు మఫ్లర్ చుట్టుకుని గ్లోరియా మూలన కూర్చుంది. బల్లమీద ఆ గ్లాసు అలాగే ఉంది.

"పాలు తాగారా?" పరాంకుశం ఇంగ్లీషులో అడిగాడు.

"మొత్తం తాగాను. అందులో సింధూరం ఉందట," ఆమె గుసగుసలాడింది. సింధూరమన్న ఒక్క మాట మాత్రం తెలుగులోనే అంది.

మరియదాసు గ్లాసులోకి తొంగిచూశాడు. గోడలకు తెల్లటి పాల చారలు. అడుగున ఎర్రటి పొడి. అతనికేమీ అంతుపట్టలేదు.

పరాంకుశం అందరినీ పిలిపించాడు.

"కలిపిన పాలైతే చారలు ఎర్రగా ఉండాలి. ఇవి తెల్లగా ఉన్నాయి. అడుగున పొడి తడవనే లేదు. పాలు తాగి, గ్లాసు ఆరాక పొడి వేశారు. ఇక సింధూరం సంగతి లండన్ మనిషికేం తెలుసు? ఎవరో నేర్పాలి. ఈవిడతో రోజంతా ఉండే తెలుగువారు మీరొక్కరే, బసవపున్నయ్య గారూ!"

"ఆవిడ గొంతు పోతే నాకేంటండీ లాభం?"

"అసలు పాడే గొంతే లేదని బయటపడకుండా ఉండటమే లాభం."

బసవపున్నయ్య తల దించుకున్నాడు. అది చూసి గ్లోరియా మెల్లగా మఫ్లర్ విప్పి, మామూలు గొంతుతోనే ఇంగ్లీషులో మాట్లాడింది. "నాకు పాడటం రాదు. ఆ ఒక్క పాటా వేరే అమ్మాయి పాడింది. టీవీలో నేను పెదాలు కదిపాను."

ప్రేమకుమారి కళ్లనిండా నీళ్లు. నింద పోయింది.

అచ్యుతరామయ్య గొంతు సవరించుకున్నాడు. "పోనీలెండి, ప్రేమకుమారి పాడిన ట్రాకే ఉంచేద్దాం. క్యాసెట్ల అట్టలు అచ్చయిపోయాయి కదా, పేరు మాత్రం గ్లోరియాదే ఉంటుంది. ఏమ్మా?"

పరాంకుశం వాచీ చూసుకున్నాడు. మరియదాసుకి ఒళ్లు మండింది.

ప్రేమకుమారి గ్లోరియా దగ్గరికి వెళ్లింది. "ఆ పాట పాడినమ్మాయి పేరేంటండీ?"

మరియదాసు అదే ఇంగ్లీషులో అడిగాడు. గ్లోరియా నుదురు చిట్లించింది.

"గుర్తులేదు," అంది.