పోలిరాజు ఫోన్ అప్‌డేట్

"ఫోన్ ఇవ్వండి," అంది లహరి.

"ఇవ్వకూడదు," అన్నాడు మణికుమార్.

మిడిల్ పాయింట్ బజారులో లహరి నడిపే మొబైల్ రిపేరు కొట్టుకు ఫోన్ ఇవ్వని కస్టమర్ రావడం అదే మొదలు. బయట వాన. వాన దయగలది. ఏమీ కొనకపోయినా కొట్టులో నిలబడే హక్కు ఇస్తుంది.

"ఇవ్వకపోతే ఎలా చూడను?"

"నేను పట్టుకుంటాను, మీరు చూడండి. మా నాన్న ఆర్డరు. ఈ ఫోన్ ఇంటివాళ్ళ చేతుల్లోంచి పోకూడదు."

అతను చెయ్యి చాచాడు. ఆమె కౌంటరు మీదికి వంగింది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని తెర చెబుతోంది. తెర కొంచెం వణుకుతోంది.

"కదపకండి భయ్యా."

మణికుమార్‌కు ఆ మాట నచ్చలేదు. హిందీ నడిచే ఆ దీవిలో, కొట్టులో ఉన్న ఆడపిల్లను అందరూ దీదీ, అంటే అక్కా, అనే పిలుస్తారు. వచ్చిన దగ్గర్నుంచీ అతను ఆ పిలుపు నోటికి రాకుండా జాగ్రత్తపడుతున్నాడు.

"అప్‌డేట్ చెయ్యాలా, వద్దా?"

"చెయ్యొచ్చు. కానీ ఈ నీలం యాప్ ఉంది చూశారూ, పాతది, కొత్త వెర్షన్‌లో తెరుచుకోదు. ఏముంది ఇందులో?"

"చెప్పకూడదు."

"మరి నన్నేం చెప్పమంటారు?"

"ఆలోచించుకుని రేపొస్తాను."

ఆ యాప్‌లో ఉన్నవి మణికుమార్ నాన్న పోలిరాజు వేట గుర్తులు. సముద్రం అడుగున ఎక్కడ రాయి ఉందో, ఏ రాయి దగ్గర చేప నిలుస్తుందో, బతుకంతా తిరిగి కనిపెట్టిన చోట్లు. తాతల నాటి నుంచి ఆ ఇంటి పద్ధతి ఒక్కటే. గుర్తు ఇంటివాళ్ళకే తెలియాలి. కాగితమెక్కితే బజారెక్కినట్టే.

"కొత్తది ఎక్కించకపోతే నెలాఖరునుంచి జాలర్ల సంఘం యాప్ రాదంట," అంది పోలిరాజు భార్య బుల్లమ్మ భోజనాల దగ్గర. "గాలివాన కబురు దాన్లోనే కదా వస్తాది! మీరు మునిగిపోతే ఆ గుర్తులు ఎవులికీ?"

"గుర్తులు పోతే ఒడ్డునుండే మునిగినట్టు," అన్నాడు పోలిరాజు.

"ఆ షాపు పిల్ల సేత వేరే దాన్లోకి మార్పించండి."

"ఎవుల పిల్ల?"

మణికుమార్ అన్నంలోకి చూస్తూ చెప్పాడు. "తాతబ్బాయి గారి అమ్మాయి."

పోలిరాజు కంచం పక్కకు జరిపాడు. జంగ్లీఘాట్ రేవులో ఆయన పడవ పక్కనే తాతబ్బాయి పడవ కడతారు. ఇద్దరూ చేపలకు వేసే ఐసు గురించి, డీజిల్ గురించి మాట్లాడుకుంటారు. ఎటు వెళ్ళొచ్చావని మాత్రం అడగరు. అడిగినా ఇద్దరూ తూర్పనే చెబుతారు.

"ఆడి కూతురా! నేదు. వద్దు."

మణికుమార్ ఆలోచించుకోవడానికి రోజూ కొట్టుకు వెళ్ళసాగాడు. ఒకరోజు ఫోన్‌కు గ్లాసు వేయించాడు. ఫోన్ తన చేతిలోనే ఉంచుకున్నాడు కనుక ఆ పనికి చాలాసేపు పట్టింది. మర్నాడు గ్లాసు మీద గీత పడిందేమో చూడమన్నాడు. పడలేదు.

"ఏముందో నాకు తెలిసింది," అంది లహరి. "మా నాన్నా ఇలాగే దాచుకుంటాడు. గుర్తులు కదా? నేను ముట్టను. రేపు మా నాన్నకు చేప బాగా పడితే మీ నాన్న నన్నే అంటాడు. పడకపోయినా అంటాడు."

"మీరలాంటి మనిషి కాదని నాకు తెలుసు."

"అరే! ఫోన్ చేతికివ్వనాయన చెప్తున్నాడు."

అతను తల తుడుచుకున్నాడు. వానలో తడిసి వచ్చాడు. ఆమె టేబుల్ ఫ్యాను అతని చొక్కా వైపు తిప్పింది.

నెలాఖరు దగ్గరపడింది. ఆ రోజు లహరి ఎవరిదో ఫోన్ విప్పి స్క్రూలు బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ గుర్తులు ఒక్కొక్కటీ చూసుకుంటూ మీరే వేరే యాప్‌లో కొట్టుకోవచ్చు. దానికి రిపేరు షాపు అక్కర్లేదు. తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచి."

స్క్రూడ్రైవర్ ఆగింది. "మరెందుకొస్తున్నారు?"

"మీకూ ఇన్నాళ్ళుగా తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

లహరి వాన వైపు చూసింది. ఈసారి వాన ఆమెకు సాకేమీ అందించలేదు.

"ఇంటివాళ్ళయితే గుర్తులు చూడొచ్చు," అన్నాడు మణికుమార్.

"ఇదంతా అప్‌డేట్ కోసమా?"

"కాదు. అప్‌డేటే దీనికోసం."

ఆమె స్క్రూ గట్టిగా బిగించింది. అది పక్క ఫోన్‌కు బిగించాల్సిన స్క్రూ. తెలిసినా విప్పలేదు.

"మీ నాన్నను మా ఇంటికి పంపు," అంది. "పాత వెర్షన్‌తో ఎన్నాళ్ళుంటావు?"

మీరు పోయి నువ్వు వచ్చింది. మణికుమార్ గొడుగు కొట్టులోనే మరిచిపోయి తడుస్తూ ఇంటికెళ్ళాడు.

పోలిరాజు వెళ్ళనన్నాడు. "గాలివాన కబురు కావాలా, కొడుకు మొహం ఇలాగే సూస్తా కూకుంటారా?" అంది బుల్లమ్మ. ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

తాతబ్బాయి తన ఇంట్లో తండ్రీకొడుకులకు టీ ఇచ్చి, పెళ్ళిమాట విన్నాడు.

"పిల్లకి మా గుర్తులన్నీ తెలుసు. పోయినేడు నా కొత్త ఫోన్లోకి ఎక్కించింది అదే. మీ ఇంటికొస్తే మా గుర్తులు మీకొచ్చినట్టే కదేటి?"

"మా గుర్తులు సూసిన పిల్ల పండక్కి పుట్టింటికి రాదేటి?" అన్నాడు పోలిరాజు.

"అయితే ఇద్దరికీ నష్టమే."

"సమానమేనా?"

"సమానమే."

"సమానమైతే పర్లేదు బావా."

తాంబూలాలు ఆ మాట మీద మార్చుకున్నారు. అప్పుడు పోలిరాజు ఫోన్ తీసి స్వయంగా లహరి చేతిలో పెట్టాడు. "ఇందమ్మా. ఇక నువ్వూ ఇంటి మనిషివే."

లహరి నీలం యాప్ తెరిచింది. మొదటి గుర్తు చూసింది. రెండోది చూసింది. తర్వాతవి గబగబా చూసి, వేలు ఆపేసింది.

పేర్లు వేరు. చోట్లు అవే. తన చేత్తో నాన్న ఫోన్‌లోకి కొట్టిన అంకెలే, ఒక్కటి తప్పకుండా. దూరాన ఇంకో పడవ కనబడగానే గాలాలు ఎత్తుకుని, చోటు బయటపడకుండా తప్పుకోవడం ఇద్దరికీ అలవాటు. ఇన్నేళ్ళుగా ఒకరిని చూసి ఒకరు ఆ రాళ్ళ దగ్గర నుంచే తప్పుకుపోతున్నారు.

"ఎలాగున్నాయమ్మా?" అన్నాడు పోలిరాజు.

తాతబ్బాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"చాలా మంచి చోట్లు మావయ్యా," అంది లహరి. "ఇలాంటివి ఇంకెవరికీ దొరకవు."

పోలిరాజు మొహం వెలిగింది. "మావీ అలాంటివే," అన్నాడు తాతబ్బాయి, తగ్గకుండా.

"అవును నాన్నా. మనవీ అలాంటివే."

ఆమె ఓపిగ్గా గుర్తులన్నీ కొత్త యాప్‌లోకి మార్చి, అప్‌డేట్ నొక్కింది. తెర నల్లబడింది. వియ్యంకులిద్దరూ ఊపిరి బిగబట్టి ఫోన్ వైపే చూస్తుండగా, లహరి మణికుమార్ చెవిలో సంగతి చెప్పింది.

అతను నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గ్లాసులో టీ లేదు. ఎవరూ గమనించలేదు. అతనూ లహరీ కలిసి పెట్టబోయే ఇంట్లో అది మొదటి రహస్యం.