దుప్పటి మీది వరుస

ఆదివారం పొద్దున్నే ఆవిడకి మొగుడికో మంచి పని చేసిపెట్టాలని బుద్ధి పుట్టింది. ఆ ఇంట్లో పెద్ద గొడవలన్నీ ఇలాంటి మంచి పనులతోనే మొదలవుతాయి.

ఆయన టీ తాగి, గేర్‌బాక్సుకి ఆయిలు కారకుండా వేసే గాస్కెట్ కొనాలంటూ బజారుకి బయల్దేరాడు. ముప్ఫై అయిదేళ్లు లారీల కింద పడుకున్న మెకానిక్ కదా, రిటైరయ్యాకైనా మంచం మీద పడుకుంటాడని ఆవిడ ఆశపడింది. ఆయన పోయి పోయి ఒక పాత జీపుని ఇంటికి లాక్కొచ్చి దాని కింద దూరాడు. ఎప్పుడో కొండల్లో, బురదలో తిరిగిన బండి. నాలుగు నెలలుగా వరండాలో బానెట్టు ఎత్తుకుని నిలబడి ఉంది.

దాని పక్కన నేల మీద పూలపూల పాత దుప్పటి. దుప్పటి నిండా గేర్‌బాక్సు నుంచి విప్పిన బోల్టులు, నట్లు, వాషర్లు. ఆవిడ నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. గుండీలు కూడా సైజు వారీగా సీసాల్లో ఉండాలి ఆవిడకి. అలాంటి మనిషి నాలుగు నెలలు ఆ చిందరవందర ఎలా ఓర్చుకుందో ఆవిడకే తెలియాలి.

నడుం బిగించి కూర్చుంది. అన్నిటినీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, పొడుగువొక సీసాలో, పొట్టివొక సీసాలో, వాషర్లొక సీసాలో వేసింది. దుప్పటి ఉతికి ఆరేసింది. వరండా అరలో ఒకేలాంటి గాస్కెట్లు రెండు, విప్పని కవర్లలో కనిపించాయి. స్పేరుకి తెచ్చుకున్నాడు కాబోలు అనుకుని, దుమ్ము దులిపి అక్కడే పెట్టింది.

ఆయన పదిన్నరకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దుప్పటేదీ?"

"ఉతికేశాను. అదుగో, తీగ మీద ఆరుతోంది."

"దాని మీద ఉన్నవి?"

ఆవిడ మురిసిపోతూ సీసాలు చూపించింది. ఆయన బజారు సంచీ చేత్తోనే సీసాల మీదికి వంగాడు.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు? నీ మిషను జోలికి నేనెప్పుడైనా వచ్చానా? నాలుగు నెలల పని నాశనం చేశావు కదే."

"పొద్దుట్నుంచి నడుం విరిగేలా కడిగితే ఇదా నాకు దక్కింది? కట్టుకున్నదాని కంటే ఆ తుప్పు డొక్కే ఎక్కువైపోయింది మీకు."

కేకలకి కూతురు తడి జుట్టుతోనే బయటికొచ్చింది. మందుల షాపులో పని. వారానికి ఒక్కరోజే సెలవు, ఆ ఒక్కరోజూ ఇలా తగలడింది.

"నాన్నా, దీనికింత రాద్ధాంతం ఎందుకు? లారీ గేర్‌బాక్సు మొత్తం గోనెసంచిలో పోసినా, ఏ బోల్టు ఎక్కడిదో చూడకుండా చెప్పేవాడివి. బండి మోత వినే జబ్బు చెబుతావని షెడ్డులో నిన్ను స్టెతస్కోపు అని ఊరికే అన్నారా?"

ఆయన సీసాలోంచి ఒక బోల్టు తీశాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెక్కడిదో నాకు తెలీడం లేదు," అన్నాడు.

బోల్టుని తిరిగి సీసాలో వేశాడు. "అందుకే విప్పింది విప్పినట్టు దుప్పటి మీద పేర్చుకున్నా, ఎడమ నుంచి కుడికి. అదే వరుసలో వెనక్కి బిగించుకుంటూ వెళదామని. నా బుర్రలో ఇప్పుడు వరుస నిలవడం లేదు."

"ఎప్పట్నుంచి?" అంది కూతురు.

"రిటైరవక ముందు నుంచే. ఒక లారీకి బ్రేకు తప్పు బిగించాను. పక్కవాడు చూశాడు కాబట్టి సరిపోయింది. ఆ మర్నాడే మానేస్తానని చెప్పేశా. మీకేమో నడుం నొప్పి అన్నా. ఈ ఒక్క బండీ నా చేత్తో నడిపిస్తే, నాకేం కాలేదని నమ్ముకుందామనుకున్నాను."

ఆయన చేతిలోని సంచీ ఆవిడ మెల్లగా అందుకుంది. లోపల గాస్కెట్, అరలో ఉన్నవాటిలాంటిదే. మూడోది. పోయిన వారం తాళాలు సబ్బుపెట్టెలో దొరకడం, మొన్న బజారు నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి రద్దీ అనడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆవిడ మెట్టు మీద కూలబడి భోరుమంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూస్తావని."

"ఇన్నేళ్లూ మరెలా చూశాననుకున్నారు?" అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ.

కాసేపటికి లేచి సీసాలు జీపు దగ్గర పెట్టింది. "ఏదెక్కడో పెట్టి చూద్దాం పదండి."

"అలా కుదరదు. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే గేర్‌బాక్సు బయటి కేసింగు పగులుతుంది."

"బిగించమని ఎవరన్నారు? జాకెట్టుకి ముందు కచ్చాకుట్టే కదా వేస్తాను. తొడిగి చూశాకే అసలు కుట్టు."

అల్లిక సూది ఒక్కో కన్నంలో దింపి, టేపుతో లోతు కొలిచింది. ఆ లోతుకి సరిపోయే బోల్టు ఏరి ఇస్తే, ఆయన వేళ్లతో వదులుగా తిప్పేవాడు. తల మరిచిపోయినా వేళ్లు మరవలేదు. సగం చుట్టులోనే "ఇది కాదు" అనేవాడు. కుదిరిన ప్రతిదానికీ కూతురు నంబరు రాసిన గుడ్డముక్క కట్టింది. ఆరోజు ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనం సాయంత్రమైంది.

మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. మందులతో ఈ మతిమరుపు జబ్బు నెమ్మదిస్తుంది గానీ పోదన్నాడు డాక్టరు. బండి నడపొద్దని కూడా అన్నాడు. ఇంటికొచ్చాక ఆయన పానా తీసుకుని జీపు దగ్గరికి వెళితే, ఆవిడ అల్లిక సూది తీసుకుని వెనకాలే వెళ్లింది.

జీపు కదలడానికి ఇంకో అయిదు వారాలు పట్టింది. స్టీరింగు ముందు కూతురు కూర్చుంది, పక్కన ఆయన, వెనకాల ఆవిడ. వీధి చివరిదాకా వెళ్లేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడు.

"రెండో గేరులో సన్నగా మూలుగుతోంది. ఆయిలు తక్కువైంది. ఓ పక్కకి ఆపు," అన్నాడు.

ఆపి చూస్తే నిజంగానే తక్కువ. వెంట తెచ్చిన డబ్బాలోంచి ఆయిలు పోసి, చెయ్యి తుడుచుకోడానికి గుడ్డ కోసం జేబు తడుముకున్నాడు. లోపలివైపు వేళ్లకి కుట్టు తగిలింది. జేబు తిరగేసి చూస్తే చిన్న గుడ్డముక్క, దాని మీద ఎర్రదారంతో ఇంటి అడ్రసు, ఆవిడ ఫోను నంబరు.

"నన్ను కూడా విప్పి, నంబరు కట్టేశావన్నమాట," అన్నాడు.

"విప్పలేదు. ఎక్కడైనా ఊడి పడితే, తెచ్చి ఎక్కడ బిగించాలో రాసిపెట్టాను. అన్ని చొక్కాలకీ కుట్టేశా."

ఆయన జేబు లోపలికి తోసుకుని, దాని మీద చెయ్యి పెట్టుకునే బండెక్కాడు. తర్వాత కూతురికేసి తిరిగాడు.

"క్లచ్చి నెమ్మదిగా వదులు. వెనకాల మీ అమ్మ కూర్చుంది."