వంద కిలోవాట్ల చలి

“ముహూర్తం ఈరోజే, రాంచందర్. లోపలి మనిషి కోడ్ నేమ్ ‘స్నో’. అంతకు మించి మాకేమీ తెలియదు.”

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. గడ్డపోతారం ఫ్యాక్టరీ గేటు బయట టీ బండి దగ్గర నిలబడ్డ స్పెషల్ ఏజెంట్ రాంచందర్, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి, చిల్లర్ మెకానిక్‌గా లోపలికి నడిచాడు. ఆరు నెలలుగా ఇదే వేషం. గోళ్ళలో కంప్రెసర్ ఆయిల్ నిజంగానే ఇంకిపోయింది.

క్షయకు వాడే ఒక మందు దేశం మొత్తానికీ ఈ ఒక్క ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. దీన్ని బూడిద చేస్తే అదే మందు అమ్ముకునే ఒక విదేశీ ముఠా పంట పండుతుంది. ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు అన్నది రాంచందర్ తేల్చాలి. అతనికి తోడుగా బ్యూరో పంపిన మరో ఏజెంట్ నిషిత. ఇక్కడ ఆమె ప్రాసెస్ ఇంజనీర్. నీలం ఓవరాల్ వేసుకున్నా నలుగురూ తిరిగి చూసే మనిషి. మిషన్ ముగిశాక పెళ్లి చేసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. గూఢచారులు ప్రేమలో పడకూడదని ట్రైనింగ్‌లో చెప్తారు. ఆ చెప్పినవాడు నిషితను చూసి ఉండడు.

గేటు దాటగానే ఆమే ఎదురొచ్చింది.

“రాం, పోతిరెడ్డిపల్లిల కిరాయి ఇల్లు దొరికింది. ఓనర్ పన్నెండింటి దాకనే ఉంటడట. జల్దీ పోయి చూసిరా.”

“ఇయ్యాలనా? చీఫ్ ఏమన్నడంటే...”

“నేనున్న గద. నాలుగో బ్లాక్ నేను చూసుకుంట.”

అతని మొహం చేటంతయింది. బైక్ కోసం షెడ్డు వైపు పోతూ, అలవాటు కొద్దీ, నాలుగో బ్లాక్‌లో మందు తయారయ్యే రియాక్టర్‌ను చల్లబరిచే కొత్త చిల్లర్ దగ్గర ఆగాడు. పాతది చెడిపోతే దీన్ని నిన్ననే అద్దెకు తెచ్చి బిగించారు. ఆ టైంకి నిషిత అతన్ని స్పేర్ పార్టుల కోసం సంగారెడ్డి పంపింది. మెషీన్ మీద పెద్ద అంకెలతో ‘100’ అని రాసి ఉంది. వంద టన్నులది ఇంత బక్కగా ఉంటుందా?

నేమ్ ప్లేట్ మీది దుమ్మును రుమాలుతో తుడిచాడు. కూలింగ్ కెపాసిటీ: 100 కిలోవాట్లు. పక్కనే తనిఖీ కాగితం, దాని కింద నిషిత సంతకం.

ఈ ఫ్యాక్టరీల బెల్టులో చలిని ఎవరూ కిలోవాట్లలో కొలవరు. టన్నుల్లోనే అడుగుతారు, టన్నుల్లోనే కొంటారు. ఒక టన్ను అంటే మూడున్నర కిలోవాట్ల వేడిని లాగేయడం. వందను మూడున్నరతో భాగిస్తే ఇరవై ఎనిమిది టన్నులు! నాలుగో బ్లాక్ రియాక్టర్ కక్కే వేడి మూడు వందల యాభై కిలోవాట్లు. దానికి నిండా వంద టన్నుల చిల్లర్ కావాలి.

ఒకసారి టీ టైంలో రాంచందరే ఈ లెక్క నవ్వుతూ ఒక మనిషికి నేర్పాడు. “ఈడ వంద అని రాస్తె చాలు, అందరు టన్నులే అనుకుంటరు” అని కూడా చెప్పాడు. ఆ మనిషి నిషిత.

రాంచందర్ పరుగెత్తాడు.

నాలుగో బ్లాక్ గుమ్మంలో నిషిత నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్టల్.

“నిన్ను పొమ్మన్న గద! ఎందుకొచ్చినవ్?”

“లోపల పదకొండు మంది ఉన్నరు, నిషితా.”

“నువ్వొక్కనివి లేకుంటె చాలనుకున్న.”

“ఎందుకు చేసినవ్?”

“నువ్వు పరిచయం కాకముందే వాళ్లకు ఒప్పుకున్న. తర్వాత తప్పుకోనియ్యలే.”

“అయితే కాల్చు.”

ఆమె పక్కనుంచే లోపలికి దూసుకెళ్ళాడు. ఆమె కాల్చలేదు.

ముసలి ఆపరేటర్ ఓదెలు బిక్కమొహం వేసుకుని గేజ్ ముందు నిలబడ్డాడు. “తమ్మీ, వంద చిల్లర్ నడుస్తనే ఉన్నది. వేడి ఎందుకు తగ్గుతలేదు?”

యాభై ఎనిమిది డిగ్రీలు. అరవై దాటితే ఆ రియాక్టర్ పేలకుండా ఎవరూ ఆపలేరు. లోపలికి రసాయనం పంపే వాల్వును రాంచందర్ రెండు చేతులతో తిప్పాడు. బిగుసుకుంది. యాభై తొమ్మిది. ఓదెలు కూడా వచ్చి పట్టాడు. యాభై తొమ్మిదిన్నర. వాల్వు మూసుకుంది. గేజ్ ముల్లు కాసేపు అక్కడే వణికి, మెల్లగా వెనక్కి జరిగింది.

బయటికొచ్చేసరికి నిషిత మెట్ల మీద కూర్చుని ఉంది. పారిపోవడానికి ఆమెకు బోలెడు టైం దొరికింది. పిస్టల్ పక్కన పెట్టి, బేడీలకు చేతులు తనే చాపింది. ఆ చేతులు పట్టుకుని అతను ఎన్ని కలలు కన్నాడో! ఏడుపు ఆపుకోలేకపోయాడు.

“నన్నొక్కన్నే ఎందుకు బతికియ్యాలనుకున్నవ్?”

“అదొక్కటి అబద్ధం కాదు, రాం.”

బ్యూరో జీపు వచ్చి ఆమెను తీసుకుపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అతను తల ఎత్తలేదు.

రియాక్టర్ చల్లారాక ఓదెలు బయటికొచ్చి అతని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేశాడు.

“భయపడ్డవా తమ్మీ? కండ్లు గట్ల ఎర్రగైనయేంది? పదకొండు మందిని కాపాడినవ్. నీ అసొంటోడు మాకు కావాలె. మేనేజర్‌తోని మాట్లాడి నిన్ను పర్మనెంట్ చేయిస్త.”

స్పెషల్ ఏజెంట్ రాంచందర్‌కు ఆ రోజు దక్కింది చిల్లర్ మెకానిక్ ఉద్యోగం ఒక్కటే.