పెత్రామాస నాటి కిరాయిదారు

వెనక గొళ్లెం పడింది.

బయటి నుంచి కాదు... లోపలి నుంచే!

సునంద గిర్రున తిరిగింది. చీకటి. భూపాలపల్లి మొత్తం చీకటే. తెలంగాణ కోసం సమ్మె, బొగ్గు బావులు బంద్, కరెంటు బంద్.

ఖాళీగా పడి ఉన్న పై పోర్షన్ ఇది. సొంత ఇల్లే. అయినా ఆమెకు గోడ ఎక్కడుందో తెలియడం లేదు.

"స్రవంతీ, దాసుకుంటే ఇడిసిపెడ్తననుకున్నవా? బయటికి రా," అంటూ టార్చ్ వేసింది.

వెలుగులోకి వచ్చింది స్రవంతి కాదు.

మగమనిషి. మొహానికి తువ్వాల... చేతిలో తాడు!

"ఇల్లు చూడనొచ్చిన," అన్నాడు నింపాదిగా.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

అసలు ఆమె వచ్చింది కడుపుమంటతో. మధ్యాహ్నం భర్త భాస్కర్ పెరట్లో ఫోన్ మాట్లాడుతుంటే తలుపుచాటున నిలబడి విన్నది. పొద్దుమూకినంక పై ఇంటికి రా, ఎవరన్నా అడిగితే ఇల్లు చూడనొచ్చిన అను... అంటున్నాడు.

ఇవాళ పెత్రామాస. పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. ఈ రోజు కిరాయి ఇల్లు చూసేవాడు జిల్లా మొత్తం వెదికినా దొరకడు. మరి వచ్చేదెవరు? ఇంకెవరు, కింది పోర్షన్‌లో కిరాయికుండే స్రవంతే!

సొంతింట్లో నల్లా నెల రోజులు కారినా పట్టించుకోని మొగుడు, స్రవంతి నల్లా అనగానే చొక్కా చేతులు మడిచి పరుగెత్తాడు. ఆ రోజు నుంచి సునందకు అన్నం సయించలేదు.

పై పోర్షన్ తలుపు ఓరగా తీసి ఉండటం చూసి, దొరికారనుకుంది. దూసుకొచ్చింది. తనే దొరికిపోయింది.

జనగామలో ఒకటి, మహబూబాబాద్‌లో ఒకటి, ఇక్కడొకటి. మూడిళ్లూ తండ్రి ఆమె పేరున రాసినవే. జనగామలో ఇల్లు చూస్తానని వచ్చినవాడొకడు మెడలో గొలుసు తెంపుకుపోయాక, ఆమే ఒక పద్ధతి పెట్టింది. ఇల్లు చూపడానికి ఒక్కరే పోవద్దు. వచ్చినవాళ్లను లోపలికి నడవనిచ్చి మనం గడప దగ్గరే ఆగాలి. పోయేముందు పక్కింట్లో చెప్పాలి.

కిరాయిదార్లు మెచ్చుకునేవారు. సునందమ్మ అంటే సునందమ్మే అనేవారు. భాస్కర్‌ను మాత్రం సునందమ్మ పెనిమిటి అనేవారు. ఆ మాటకు అతని మొహం మాడిపోయేది. ఆమెకు నవ్వొచ్చేది.

ఇవాళ ఆ పద్ధతంతా గాలికొదిలేసింది. మొగుడి రంకు పట్టుకోబోతున్నానని పక్కింట్లో ఏ మొహంతో చెప్తుంది?

పారిపోబోయి అటు తిరిగింది. వెనక నుంచి తాడు మెడ మీద పడింది!

బిగుస్తోంది... బిగుస్తోంది...

టార్చ్‌తో వెనక్కి ఒక్కటేసింది. వాడి ముక్కు చితికింది. తాడు వదులైంది.

వంటింట్లోకి పరుగు!

ఆ వెనక తలుపు గొళ్లెం ఊడి చాలా రోజులైంది. చేయించమంటే భాస్కర్ వినలేదు. నల్లాల మీదే ఉంది కదా ధ్యాస! ప్రాణం పోతున్నా ఆమెకు ఆ మంట చల్లారలేదు. భుజంతో తలుపును గుద్దింది. తెరుచుకుంది.

మెట్లు... సందు... వెనకే వాడి అడుగులు...

సందు చివర దీపాలు. పండుగ మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ చుట్టూ తిరిగి ఆడుతున్నారు. వాడకట్టు ఆడవాళ్లంతా అక్కడే. సునంద వలయంలోకి దూరింది.

పక్కన చప్పట్లు కొడుతున్న మనిషిని చూసింది. స్రవంతి! చెమట చూస్తే ఎప్పటి నుంచో ఆడుతున్నట్టే ఉంది. ఆ చెమటలోనూ చక్కగానే ఉంది, పాపిష్టిది.

స్రవంతి ఆమె మెడ చూసింది. సునంద కొంగే తీసి ఆమె తల మీద కప్పి, తన ముందు నిలబెట్టుకుంది.

"ఆడు అక్క. తిరుగుతనే ఉండు," అన్నది చెవిలో.

వాడొచ్చాడు. ఆడవాళ్ల ఆటలోకి అడుగు పెట్టలేక అంచునే ఆగాడు. ఒక్కొక్క మొహమే వెతుకుతున్నాడు.

అప్పుడే అటు నుంచి భాస్కర్ వచ్చాడు.

సునంద చేయెత్తింది. పిలవబోయింది. భాస్కర్ నేరుగా వాడి దగ్గరికే పోతున్నాడు. కాలర్ పట్టుకుంటాడనుకుంది...

భుజం మీద చేయి వేశాడు!

చెవిలో ఏదో అడిగాడు. వాడు తల అడ్డంగా ఊపాడు.

సునంద కాళ్లు ఆగిపోయాయి. పెరట్లో ఆ ఫోను... తలుపుచాటున ఆమె ఉందని అతనికి తెలుసు. వినాలనే మాట్లాడాడు. మండిపోతూ వస్తుందని, ఒంటరిగా వస్తుందని, ఎవరికీ చెప్పదని కూడా తెలుసు. స్రవంతి మీద ఆమెకెంత కుళ్లో, మూడిళ్ల మీద ఉన్న ఆమె పేరంటే అతనికి అంతకు మించి కుళ్లు.

భాస్కర్ జేబులోంచి ఫోన్ తీశాడు.

పాట ఒక చరణం అయిపోయింది. అందరూ ఊపిరి తీసుకుంటున్నారు.

సునంద రవికెలో ఫోన్ మోగింది!

మగవాళ్లిద్దరూ ఇటు తిరిగారు.

స్రవంతి ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. సునంద ఫోన్ ఎత్తింది.

"యాడున్నవ్ సునందా? జర పరేషానైతున్న," ఎంత ప్రేమో ఆ గొంతులో. "ఒక్కదానివే ఉన్నవా?"

సునంద తల మీది కొంగు తీసేసింది. బతుకమ్మ ముందు దీపాల దగ్గరికి నడిచి, మెడ మీద తాడు వాత అందరికీ కనబడేలా నిలబడింది.

"ఒక్కదాన్ని కాదు," అన్నది, వాడకట్టు మొత్తానికి వినబడేటట్టు. "నన్ను సంపనీకి మనిషిని పెట్టింది నువ్వేనని అందరికీ జెప్త. ఆడనే ఉండు."

మళ్లీ ఎవరూ పాట ఎత్తుకోలేదు. ఆడవాళ్లంతా భాస్కర్ వైపు నడిచారు.